క్షయరోగి ఇంట్లోనే ఉండి కోలుకోగలడా?

పెరంబూరు, చెన్నై

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీలో కొందరు పదో తరగతి ముగించి, ఇక ఏ గ్రూపు తీసుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నారని మీ తల్లిదండ్రుల ద్వారా తెలిసింది. ఇంజనీరింగుకు వెళ్ళేవారికి జీవశాస్త్రం అక్కరలేదనీ, డాక్టరు కాదలచినవారికి భౌతికశాస్త్రం పరీక్ష గట్టెక్కేంత వస్తే చాలుననీ ఇక్కడి ట్యూషన్ సెంటర్లలోనూ, నెల్లూరులోనో గుంటూరులోనో ఉన్న మీ బంధువుల ఇళ్ళలోనూ ఒకే మాట వినిపిస్తుంది. కాలేజీలో సీటుకు ఆ లెక్క సరిపోతుందేమో గాని, పరిశోధనకు సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మీరు తాంబరం వైపు లోకల్ రైల్లో వెళ్తూ దాటిపోయే చేట్‌పట్‌లో 1956లో మొదలైన ఒక పరిశోధన ఉంది. దాని గురించే ఈ ఉత్తరం.

క్షయ వంశపారంపర్యంగా వస్తుందనీ, పుట్టుకతో బలహీనమైన ఒంటికి పడుతుందనీ లోకం చాలాకాలం నమ్మింది. దానికి కారణం ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. ఆ జీవికి రెండు లక్షణాలున్నాయి, ఈ వ్యాధి కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. మొదటిది, దాని పైపొరలో మైనం వంటి కొవ్వు పదార్థం దట్టంగా ఉండటం. అందువల్ల మామూలు రంగులు దానికి సులువుగా పట్టవు, ఒకసారి పట్టిన రంగు ఆమ్లంతో కడిగినా పోదు, లాబరేటరీలో కఫం పరీక్ష చేసేవారు దాన్ని గుర్తించేది ఈ గుణంతోనే. రెండోది, దాని నిదానం. మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకే రెండుగా చీలితే, క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. కనుక కఫాన్ని కల్చరుకు, అంటే అందులోని క్రిములను పెంచి చూసే పరీక్షకు, పెడితే ఫలితం కోసం వారాల తరబడి ఆగాలి, మందులు నెలల తరబడి మింగాలి.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రేలు ఊపిరితిత్తులను కోయకుండానే లోపల చూసే వీలు కల్పించాయి. అయితే ఫిల్ము మీద కనిపించే నీడ పాత మచ్చదా, ఇంకా బతికి ఉన్న క్రిములదా అన్నది ఫిల్ము ఒక్కటే తేల్చలేదు. ఆ సంగతి కఫం చెప్పాలి.

ఇక మందుల సంగతి. మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ 1943లో బయటపడింది, కాని దాన్ని సూదితో ఇవ్వాలి. నోటితో మింగగల ఐసోనియాజిడ్ కథ నాకు మరీ ఇష్టం. 1912లో ప్రాగ్ నగరంలో మేయర్, మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ పదార్థాన్ని తయారు చేశారు. క్షయతో దానికి సంబంధం ఉండవచ్చునన్న ఊహ కూడా వారికి లేదు. నలభై ఏళ్ళ పాటు అది రసాయన గ్రంథాల్లో ఒక పేరుగా పడి ఉంది. 1952లో మూడు మందుల కంపెనీలు, ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా, అది క్షయ క్రిమిని గట్టిగా దెబ్బతీస్తుందని కనిపెట్టాయి. ఎప్పుడో తయారైన పదార్థం కాబట్టి దాని మీద కొత్తగా పేటెంటు హక్కు ఎవరికీ దక్కలేదు, ధర అందుబాటులో ఉండటానికి అదీ ఒక కారణం.

మందు వచ్చినా వైద్యపద్ధతి మాత్రం మందుల్లేని కాలానిదే. క్షయ అంటే శానటోరియం: మంచి గాలి, సంపూర్ణ విశ్రాంతి, బలమైన ఆహారం. మన తెలుగు ఇళ్ళలో పాతతరం వారు మదనపల్లె ఆరోగ్యవరం పేరు తలచేవారు. ఇక్కడ 1928లో డాక్టర్ చౌరీ ముత్తు తాంబరం దగ్గర స్థాపించిన శానటోరియం పేరు ఇప్పటికీ రైల్వే స్టేషను బోర్డు మీద ఉంది. రోగులు లక్షల్లో ఉంటే, దేశమంతటా ఉన్న పడకలు వేలల్లోనే. ఆ లెక్కన రోగుల్లో చాలామందికి వైద్యం అందేది కాదు.

మరి అదే మందును ఇంట్లో ఇస్తే? ప్రశ్న చిన్నదే గాని, అప్పటి అనుభవజ్ఞులకు అది రుచించేది కాదు. మద్రాసు పేటల్లో ఒకే గదిలో అయిదారుగురు పడుకునే ఇల్లు, చాలీచాలని తిండి, పనికి వెళ్ళక తప్పని రోగి, పక్కనే పసిపిల్లలు. అక్కడ రోగి కోలుకోకపోగా ఇంటిల్లిపాదికీ అంటిస్తాడని ఎవరైనా అనుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ అనుమానం తెలివితక్కువది కాదు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టిన కేంద్రంలో, వాలెస్ ఫాక్స్ అనే వైద్యుడి ఆధ్వర్యంలోని బృందం ఆ అనుమానంతో వాదనకు దిగలేదు. దాన్ని పరీక్షకు పెట్టింది.

ఈ పరీక్షను ఎలా అమర్చారో కొంచెం నిదానంగా చదవండి. మీరు కబడ్డీకి జట్లు పంచుకునేటప్పుడు ఒకడికే ఏరుకునే అవకాశమిస్తే గట్టివాళ్ళందరూ వాడి వైపే చేరతారు, అప్పుడు గెలుపు ఆటది కాదు, ఎంపికది అవుతుంది. ఎవరు శానటోరియంకు, ఎవరు ఇంటికి అన్నది వైద్యుడికి వదిలేసినా అదే జరుగుతుంది. ఆయన జాలిపడి నీరసంగా ఉన్నవారిని శానటోరియంకు పంపవచ్చు, లేదా పేరు రావాలని తేలికపాటి కేసులను పంపవచ్చు. ఏది చేసినా పోలిక చెడుతుంది. అందుకని ఆ నిర్ణయాన్ని వైద్యుడి చేతిలోగాని రోగి చేతిలోగాని పెట్టకుండా లాటరీ వంటి పద్ధతికి అప్పగించారు. బ్రిటన్‌లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త స్ట్రెప్టోమైసిన్ పరీక్షకు ఈ పద్ధతినే వాడాడు, ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మద్రాసులో రెండు వర్గాలవారికీ ఏడాదిపాటు ఇచ్చిన మందులు ఒకటే: ఐసోనియాజిడ్, పాస్ (పారా అమైనో సాలిసిలిక్ ఆమ్లం అనే నోటి మందు). తేడా అంతా తిండి, విశ్రాంతి, వసతి, పర్యవేక్షణలోనే.

ఇంట్లో ఉన్నవారు మందు నిజంగా మింగుతున్నారా? ఇది పరిశోధకులను వేధించిన ప్రశ్న. పాస్ రోజుకు అనేక గ్రాములు మింగాలి, కడుపులో తిప్పుతుంది, పైగా కొన్ని వారాలకే దగ్గు తగ్గి ఒంట్లో బాగున్నట్టు అనిపిస్తుంది. కనుక సిబ్బంది చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మిగిలిన మందు లెక్కపెట్టేవారు, మూత్రం తీసుకుని మందు ఆనవాలు ఉందో లేదో రసాయన పరీక్ష చేసేవారు. ఎదుట నిలబడి మందు మింగించే పద్ధతికి బీజాలు ఇక్కడి అనుభవంలోనే ఉన్నాయి.

1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాది చివర శానటోరియంలో కోలుకున్నవారి నిష్పత్తికీ, ఇళ్ళలో కోలుకున్నవారి నిష్పత్తికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. శానటోరియంలో మంచి భోజనం తిన్నవారు ఎక్కువ బరువు పెరిగారు, అంతే. ఆ తర్వాత అయిదేళ్ళు కుటుంబసభ్యులను గమనిస్తే, ఇంట్లో వైద్యం పొందినవారి కుటుంబాలకు అదనపు ముప్పు కనబడలేదు. రోగం అంటుకోవడం చాలావరకు రోగి మందు మొదలుపెట్టకముందే జరిగిపోతుంది, మందు మొదలయ్యాక రోగికి అంటించే శక్తి వేగంగా తగ్గుతుంది. ప్రపంచమంతటా శానటోరియంల అవసరం తగ్గిపోవడానికి ఈ ఫలితం బలమైన ఆధారమైంది. నాటి కేంద్రమే నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఐసోనియాజిడ్ ఎలా పని చేస్తుందన్న వివరం మాత్రం ఎంతో ఆలస్యంగా తెలిసింది. అది మింగినప్పటి రూపంలో క్రిమిని చంపదు. క్రిమే తనలోని ఒక ఎంజైముతో దాన్ని మార్చుకుంటుంది, అలా మారిన పదార్థం ఆ మైనపు పొర తయారయ్యే మార్గానికి అడ్డుపడుతుంది. ఆ ఎంజైము జన్యువు చెడిపోయిన క్రిమి మీద మందు పని చెయ్యదని 1992లో తేలింది. అడ్డుపడే చోటును అణువుల స్థాయిలో చూపినది మళ్ళీ ఎక్స్‌రేలే, ఈసారి ఛాతీ మీద కాక ప్రొటీన్ స్ఫటికాల మీద ప్రసరింపజేసినవి. ప్రొటీన్లను ఎక్స్‌రేలతో చదివే ఆ విద్యలో మన గిండీకి పెద్దపేరే ఉంది. చర్మానికీ ఎముకలకూ గట్టితనమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ మూడు పేటల అల్లిక అని 1950లలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చింది మద్రాసు విశ్వవిద్యాలయపు గిండీ ప్రాంగణంలోనే. ఇందులో ఎంత భౌతికశాస్త్రం, ఎంత జీవశాస్త్రం అని విడదీయమంటే నా వల్ల కాదు.

పరీక్ష మనకు నచ్చిన సమాధానమే ఇవ్వాలని లేదు. మీ అందరి ఎడమ భుజం మీద మచ్చ వేసిన బీసీజీ టీకాను 1968 నుంచి చెంగల్పట్టు ప్రాంతంలో లక్షలాది మందితో పరీక్షిస్తే, పెద్దవారిలో ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. ఎంతో ఖర్చు పెట్టి చేసిన పరీక్ష, అందరూ ఆశించినదానికి విరుద్ధమైన ఫలితం. అయినా దాచిపెట్టకుండా ప్రకటించారు. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి రక్షణ ఇస్తుంది కనుక ఆ టీకాను ఇప్పటికీ వేస్తున్నారు.

మద్రాసు ఫలితం చదివి తిండికి క్షయతో పనిలేదని అనుకునేరు. అక్కడ అడిగినది, సరైన మందు పడుతున్నప్పుడు శానటోరియం భోజనం కోలుకోవడంలో తేడా తెస్తుందా అని మాత్రమే. తిండి ఉంటే వ్యాధి రాకుండా ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని జార్ఖండ్‌లో అడిగారు. రోగుల కుటుంబాలను లాటరీ పద్ధతిలోనే రెండుగా విభజించి, ఒక వర్గంలో ఇంటివారందరికీ నెలనెలా ఆహార దినుసులు ఇస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తక్కువగా ఉందని 2023లో ప్రచురించారు. రెండో వర్గంలో ఇంటివారికి అదనపు ఆహారం ఇవ్వలేదు గాని, రోగికి మాత్రం అక్కడా ఇచ్చారు. పోలిక కోసమని జబ్బుమనిషిని పస్తుంచడానికి వారు ఒప్పుకోలేదు.

ఇట్లు,
మీ తాతయ్య