‘ఎర్ర చావు’ కథ: ఏడు గదులు, ఒక గడియారం

2020 లాక్‌డౌన్‌లలో జనం మళ్లీ వెతికి చదివిన అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో కథ ‘ద మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్’. ‘ఎర్ర చావు’ అనే రోగం దేశాన్ని తింటుంటే ఒక రాజకుమారుడు కలవారితో కోటలో దాక్కుని, ఏడు గదుల్లో ముసుగుల నాట్యం పెడతాడు; ఆ రోగం వేషంలోనే ఒకడు వస్తాడు. అంటురోగానికి జడిసి కోట తలుపులు బిగించుకున్న కలవారి మీద అది ఎత్తిపొడుపని కొందరంటారు. ఏడు గదులూ మనిషి బతుకులోని ఏడు దశలని గైడు పుస్తకాల వాళ్లంటారు. పో పేదరికం, తాగుడు ఎటూ తెలిసిన సంగతులే. ఈ కథ ప్రతీకల మూటా, ఒక్క అనుభూతి కోసం కట్టిందా అని తేల్చుకోవాలంటే చూడాల్సింది 1842 మే నెలను.

ఆ నెల ఫిలడెల్ఫియా ‘గ్రాహమ్స్ మ్యాగజైన్’లో ఈ కథ అచ్చయింది. మరో అమెరికన్ రచయిత హాథార్న్ కథల మీద పో సమీక్షా అదే సంచికలో ఉంది. పాఠకుడిలో ఏ ఒక్క అనుభూతి కలగాలో ముందే తేల్చుకుని, ఆ తర్వాత సంఘటనలు అల్లాలని, మొదటి వాక్యమే ఆ పనికి పూనుకోకపోతే రచయిత తొలి అడుగులోనే తప్పినట్టని అందులో అన్నాడు. అరగంట నుంచి రెండు గంటల్లో చదివేయగలిగేదే కథ అన్నాడు. కథలో రోగం సోకినవాడు పోవడానికి పట్టేదీ అరగంటే!

ఇక కట్టడం చూడండి. తూర్పున నీలం గది, పడమటి కొసన నల్ల గది. ఇరవై ముప్ఫై గజాలకో మలుపు ఉండడంతో ఒక గదిలోంచి తర్వాతిది కనిపించదు. గదుల్లో దీపాలుండవు, బయటి నడవాల్లో మండే నిప్పుల వెలుగు రంగు అద్దాల్లోంచి లోపల పడుతుంది. ఆరు గదుల్లో అద్దం రంగూ గది రంగూ ఒకటే. ఏడోదానిలోనే గోడలు నలుపు, అద్దాలు నెత్తుటి ఎరుపు. అక్కడున్న నల్లచేవ గడియారం గంటకోసారి మోగగానే వాద్యగాళ్లు ఆగిపోతారు, నాట్యం చెదురుతుంది. మోత ఆగాక నవ్వుకుంటారు. మళ్లీ గంట. భయాన్ని పెంచేది ఇలా ఆగిపోవడమే. ఆకుపచ్చ మూడోది ఎందుకో, తెలుపు అయిదోది ఎందుకో దశల వాదం దగ్గర గట్టి జవాబు లేదు.

కథ నిజమైన రోగాల్లోంచి పుట్టిందనే వాదానికి కొంత ఆధారముంది. 1832లో పారిస్ కలరా రోజుల్లో జరిగిన ముసుగుల నాట్యానికి ఒకడు కలరా వేషంలో వచ్చాడని అమెరికన్ రచయిత ఎన్.పి. విల్లిస్ ‘న్యూయార్క్ మిర్రర్’ పత్రికకి రాశాడు. 1842 జనవరిలో పో భార్య వర్జీనియాకు పాడుతుండగా నోట రక్తం పడింది. అయితే క్షయ ఆమెను అయిదేళ్లు తిన్నది. ఆ నిదానం ఈ కథలో లేదు.

మొదటి అచ్చులో పేరు ‘మాస్క్’ (Mask), అంటే ముఖానికి పెట్టుకునే ముసుగు. కింద ‘ఎ ఫాంటసీ’, అంటే ఒక ఊహాకథ, అని ఉపశీర్షిక. 1845 జులైలో ‘బ్రాడ్‌వే జర్నల్’లో మళ్లీ వేసినప్పుడు పో ఉపశీర్షిక తీసేశాడు, ‘మాస్క్’ స్పెల్లింగ్ Masque అని మార్చాడు. పలకడంలో తేడా లేదు గానీ అర్థం ముసుగుల వేడుక అయింది. తెలుగు లిపిలో ఈ మార్పు ఎలాగూ కనపడదు. ప్రతీకల పక్షం వాళ్లు ఉపశీర్షిక తీసేయడాన్నే పట్టుకుని, ఇది వట్టి ఊహాకథ కాదని పో స్వయంగా ఒప్పుకున్నాడంటారు. అదే పో 1847లో హాథార్న్ గురించి మళ్లీ రాస్తూ, రూపకకథను, అంటే పైకి ఒకటి చెబుతూ లోపల మరో అర్థం దాచే కథను, సమర్థించడానికి గౌరవంగా చెప్పదగ్గ మాట ఒక్కటీ దాదాపు లేదన్నాడు.