లారీల కేసులో పడ్డ పీటముడి

కోర్టు కేసులకు పెట్టుబడి పెట్టే కంపెనీల ఒప్పందాలకు అడ్డంకి తొలగిస్తూ చట్టం తెస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అయితే ఆ చట్టం ఇకపై జరగబోయేదానికే వర్తిస్తుందట, వెనక్కి వెళ్లదట. పేచీ అక్కడే మళ్లీ రాజుకుంది.

గ్రూప్ కేసులు ఎందుకొచ్చాయి, కార్టెల్ అంటే ఏమిటి అన్న ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా 2023 జూలై 26కి వెళ్దాం. ఆ రోజు యూకే సుప్రీంకోర్టు పాకార్ కేసులో తీర్పిచ్చింది. పాకార్ అంటే డాఫ్ లారీల మాతృసంస్థ. లారీల ధరల మీద 1997 నుంచి 2011 దాకా కుమ్మక్కయ్యారని డాఫ్‌తో సహా పలు కంపెనీలకు యూరోపియన్ కమిషన్ 2016లో దాదాపు 293 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఎక్కువ ధర పెట్టి లారీలు కొన్నవాళ్లు నష్టపరిహారం కోసం వ్యాపార పోటీ తగాదాలు వినే లండన్‌లోని కాంపిటీషన్ అప్పీల్ ట్రిబ్యునల్ మెట్లెక్కారు. ఖర్చు ఫండర్లది, అంటే కేసులకు పెట్టుబడి పెట్టే ఆ కంపెనీలది. గెలిస్తే పరిహారంలో ఇంత శాతం ఫండర్‌కి.

కమిషన్ ముందు తప్పు ఒప్పుకున్న డాఫ్, ట్రిబ్యునల్లో మాత్రం ఎదుటివాళ్ల డబ్బు సంగతి పట్టుకుంది. ఆ ఒప్పందమే చెల్లదంది.

ఆధారం 2006 నాటి కాంపెన్సేషన్ చట్టం. అది లారీల కోసం పుట్టిందీ కాదు, ఫండర్ల కోసం పుట్టిందీ కాదు. ‘యాక్సిడెంట్ అయిందా, క్లెయిమ్ మేం ఇప్పిస్తాం’ అని జనం వెంటపడే ఏజెన్సీలను అదుపులో పెట్టడానికి తెచ్చారు. అందులో క్లెయిమ్స్ మేనేజ్‌మెంట్ సేవలంటే సలహా, ‘ఇతర సేవలు’ అని రాశారు. ఆ ఇతర సేవల్లో ఆర్థిక సాయం కూడా వస్తుందని ఇంకో ముక్క చేర్చారు. ముడి పడింది ఆ ముక్క దగ్గరే. డాఫ్ వాదన ఇదీ: కేసు నడపడంలో వేలు పెట్టకుండా ఊరికే డబ్బిచ్చినా అది ‘సేవ’ కిందికే వస్తుంది. సేవకు ప్రతిఫలంగా పరిహారంలో వాటా తీసుకుంటే అది డ్యామేజెస్ బేస్డ్ అగ్రిమెంట్. అందరినీ అడక్కుండానే అందరి తరఫున వేసే ఆప్ట్-అవుట్ కేసుల్లో అలాంటి ఒప్పందం బొత్తిగా చెల్లదు. మిగతా కేసుల్లో దానికి సవాలక్ష షరతులు.

2019లో ట్రిబ్యునల్ ఈ వాదన తోసిపుచ్చింది. 2021లో అప్పీల్ కోర్టు ఒక చిత్రం చేసింది. అప్పీలుగా వినే అధికారం తమకు లేదని తేల్చి, అదే ధర్మాసనం డివిజనల్ కోర్టుగా, అంటే హైకోర్టు బెంచిగా కూర్చుని, జ్యుడీషియల్ రివ్యూ కింద, అంటే ట్రిబ్యునల్ నిర్ణయం చట్టబద్ధమా కాదా అని చూసే పద్ధతిలో, డాఫ్ వాదన విని కొట్టేసింది. కమర్షియల్ ఒప్పందం, కాంపిటీషన్, పబ్లిక్ లా, మూడూ ఒకే ఫైల్లో! 

సుప్రీంకోర్టులో బండి తిరగబడింది. చట్టంలోని మాటలు అంత విశాలంగా ఉంటే కుదించి చదవలేమని లార్డ్ సేల్స్ రాసిన తీర్పుతో మరో ముగ్గురు ఏకీభవించారు. లేడీ రోజ్ ఒక్కరే కాదన్నారు. దాంతో శాతం లెక్కన రాసుకున్న ఒప్పందాలు చిత్తు కాగితాలయ్యాయి.

ఫండర్లు వెంటనే శాతాన్ని తీసేసి, పెట్టినదానికి ఇన్నింతలు అని రాసుకున్నారు. 2025 జూలైలో అప్పీల్ కోర్టు దానికి సరేనంది. ఇదెక్కడి లెక్కో చూడండి: వచ్చిన పరిహారంలో 30 శాతం అంటే చెల్లదు, పెట్టుబడికి మూడింతలు అంటే చెల్లుతుంది. సుప్రీంకోర్టు తీర్పును తిరగరాయడానికి 2024 మార్చిలో ప్రవేశపెట్టిన బిల్లు ఎన్నికలు రావడంతో అటకెక్కింది. పాత ఒప్పందాలకూ రక్షణ ఇవ్వాలని సివిల్ కేసుల తీరుపై సలహాలిచ్చే సివిల్ జస్టిస్ కౌన్సిల్ 2025 జూన్‌లో సిఫార్సు చేసింది. ప్రభుత్వం దాన్ని సగమే తీసుకుంది.

ఫండర్లే బాగుపడుతున్నారని ఈ కేసులు ఎదుర్కొనే కంపెనీల మాట. వాళ్ల చేతిలో అంకెలూ లేకపోలేదు. 4.6 కోట్ల మంది తరఫున మాస్టర్‌కార్డ్ మీద 1,400 కోట్ల పౌండ్లకు వేసిన కేసు 20 కోట్లకు రాజీ అయింది. అంత తక్కువకా అని ఫండరే అడ్డం తిరిగి జ్యుడీషియల్ రివ్యూకు వెళ్లాడు. రైలు టికెట్ల కేసులో 2.5 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామన్న రాజీలో ప్రయాణికులకు చేరింది రమారమి 2.16 లక్షల పౌండ్లు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ ఈ జబ్బుకు మందు రాజీల మీద ట్రిబ్యునల్ గట్టిగా నిఘా పెట్టడం. ‘ఇతర సేవలు’ అన్న మాటకు అర్థం సాగదీస్తే ప్రయాణికుడి చేతికి ఒక్క పౌండు అదనంగా రాదు. యాప్ స్టోర్ కమీషన్ల మీద 2025 అక్టోబర్‌లో యాపిల్‌పై గెలిచిన కేసులో పరిహారం 150 కోట్ల పౌండ్ల దాకా ఉండొచ్చన్నారు. యాప్ కొన్న మనిషి ఒక్కడే తన జేబులోంచి ఫీజులు కట్టి ఆ కంపెనీతో తలపడేవాడా?

ఇక మిగిలింది పాత కాగితాలు. శాతం లెక్కన రాసుకుని, కేసు ముగిసి, ఫండర్ తన వాటా పట్టుకెళ్లిన చోట, ఆ ఒప్పందమే చెల్లదు కాబట్టి డబ్బు వెనక్కివ్వమని క్లయింటు అడగొచ్చా? ముందుకే చూసే చట్టం దీనికి జవాబివ్వదు.