అవ్వ నిలబడే చెక్కపీట

తిరుపతి

చిరంజీవులు చిన్నోడికి, బుజ్జమ్మకు తాత ఆశీస్సులు.

"ప్లగ్ పాయింటును నాలుగడుగులు జరపడానికి రెండు రోజులెందుకు తాతా?" అని మొన్న ఫోనులో నవ్వారు కదా. తీరిగ్గా చెబుదామనుకునేలోపే మీ అమ్మ ఫోను లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

వంటింట్లో ఆ పాయింటు సింకు కొళాయికి జానెడు దూరంలో ఉండేది. ఇల్లు కట్టినప్పుడు అక్కడ సింకు లేదు, తర్వాత నేనే పెట్టించాను. ప్లగ్గు సంగతి అప్పుడు తట్టలేదు. పిండి రుబ్బుతూ అవ్వ తడిచేత్తోనే స్విచ్చి వేసేది.

కొర్లగుంట నుంచి వైర్‌మన్ వచ్చాడు. మెయిన్ ఆపి టెస్టర్ పెడితే, బోర్డులో ఒక చోట టెస్టర్ లైటు వెలుగుతూనే ఉంది! మెయిన్ ఆపినా ఇన్వర్టర్ తన లైనుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. వంటింటి లైటు దాని మీదే ఉంది. అదీ ఆపాడు. ఆపే ముందు టెస్టర్ వెలుగుతోందా లేదా అని కరెంటున్న చోట ఒకసారి చూసుకున్నాడు. టెస్టరే చెడిపోయి ఉంటే, వెలగలేదు కదా అని తీగ పట్టుకుంటాం మరి.

పాత వైరుకు ముక్క అతికి, టేపు చుట్టి, గోడలో పూడ్చేస్తే గంటలో అయిపోయేది. ఆయన ఒప్పుకోలేదు. అతుకు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, గోడలో ఉన్నది కంటికి కనబడదు. బోర్డు నుంచి కొత్త పాయింటు దాకా ఒకటే వైరు రావాలి, అదీ గ్రైండర్ లైను కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి అన్నాడు. పాత వైరు కొసకు కొత్తది కట్టి లాగితే రాలేదు. ఎప్పుడో పైపులోకి సిమెంటు జారింది. అందుకే గోడ పగలగొట్టాల్సి వచ్చింది. గాడిని కూడా అడ్డంగా తిన్నగానే కొట్టాడు, ఏటవాలుగా కొట్టలేదు. రేపెవరైనా మేకు కొట్టాలంటే వైరు ఎటు పోయిందో ఊహించుకోగలగాలి. ఆ దుమ్ము మూడు రోజులు తుడిచాం, అది వేరే కథ.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. పాత ప్లగ్గు విప్పితే పై రంధ్రం వెనక తీగే లేదు! ఎర్తు ఇవ్వనేలేదు. గ్రైండర్ ముట్టుకుంటే జివ్వుమంటోందని అవ్వ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. నేను నవ్వేవాణ్ణి. ఆమె వాదించడం మానేసి, కాళ్ల కింద చెక్కపీట వేసుకుని రుబ్బుకునేది.

మూడు పిన్నుల్లో పైది పొడుగ్గా ఎందుకుంటుందో ఎప్పుడైనా అడిగారా? ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే చివర వదలాలి. లోపల తీగ తోలు ఊడి గ్రైండర్ ఒంటికి కరెంటు తగిలితే, మన ఒంట్లోంచి కాకుండా ఆ పిన్ను దారిన భూమిలోకి పోతుంది. పెరట్లో బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్తు గుంత అందుకే. ఎండాకాలం మన నేల ఎండిపోతుంది కాబట్టి అందులో నీళ్లు పోస్తుండాలి. ఆ పని ఇకనుంచి చిన్నోడిది, సెలవులకొచ్చినప్పుడు.

కొత్త పాయింటుకు ఎర్తు ఇచ్చి, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. లైనులోకి వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే అది లైను కొట్టేస్తుంది. గ్రైండర్ ఆన్ చేశామో లేదో, టప్‌మని పడిపోయింది! ఇన్నేళ్లూ అవ్వ చెప్పింది నిజమేనని అదొచ్చి తేల్చింది. గ్రైండర్ రిపేరుకు వెళ్లింది, నేను రెండు రోజులు తలెత్తలేదు.

గోడలో పాత ప్లగ్గు పెట్టె గుండా కొత్త వైరు పోతోంది కాబట్టి వైర్‌మన్ దాన్ని పూడ్చలేదు, ప్లేటు బిగించాడు. చూడ్డానికి బాగోలేదని అవ్వ దాని స్క్రూకే టీటీడీ క్యాలెండరు తగిలించింది.

ఇప్పుడు జివ్వుమనడం లేదు. అయినా నిన్న చూస్తే పీట మీదే నిలబడి రుబ్బుతోంది. "ఇంకా ఎందుకే అది?" అన్నా. "నీ వైర్‌మన్‌ను నమ్ముతా, నిన్ను కాదు" అంది.

ఇట్లు,
మీ తాత