మొరగలేని కుక్క పక్కన

హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటిందంటే నాకు ముందు పగ్‌లు, బుల్‌డాగ్‌లే గుర్తొస్తాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడిని బయటికి పంపుకోవాలి. ముక్కు నొక్కేసినట్టుండే ఈ జాతులకు గాలి దారి పుట్టుకతోనే ఇరుకు. రొప్పేకొద్దీ గొంతు లోపల వాస్తుంది, వాచేకొద్దీ ఇంకా రొప్పుతుంది. ముద్దుగా ఉందని మనం వీడియో తీసుకునే ఆ గురక, నిజానికి ఊపిరి కోసం అది పడే పాట్లు. దారి మరీ మూసుకుపోతే డాక్టర్ మెడ కింది వైపు కోసి, శ్వాసనాళంలోకి నేరుగా ట్యూబు వేస్తారు. దీన్నే ట్రకియాస్టమీ అంటారు.

ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు. ఆ తర్వాత కుక్క పక్కన రాత్రంతా కూర్చునే నర్సు గురించి ఎవరూ అడగరు.

మన ముక్కయినా కుక్క ముక్కయినా గాలిని వెచ్చబెట్టి, తడి చేసి, దుమ్ము వడగట్టి లోపలికి పంపుతుంది. ట్యూబులోంచి వెళ్లే గాలికి అదేమీ ఉండదు. ఏసీ గదిలో గాలి మరింత పొడి. ట్యూబు ఒరిపిడికి శ్వాసనాళంలో కఫం ఎక్కువగా ఊరుతుంది, పొడి గాలికి అది చిక్కబడి ట్యూబు లోపల అంటుకుపోతుంది. అందుకే కొన్ని గంటలకోసారి నెబ్యులైజర్‌తో సెలైన్ తుంపర పట్టాలి. లోపలి గొట్టం విడిగా ఉండే రకమైతే దాన్ని తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టాలి. మొదటి రోజు ఈ పనులు ఇంకా తరచుగా చేయాల్సి వస్తుంది.

కఫం ఎక్కువైతే సక్షన్, అంటే సన్న గొట్టంతో కఫాన్ని బయటికి పీల్చేయడం. ముందు ఆక్సిజన్ ఇస్తారు. స్టెరైల్ చేసిన సన్న గొట్టాన్ని లోపలికి పోనిచ్చేటప్పుడు పీల్చకూడదు, మెల్లగా తిప్పుతూ బయటికి తీసేటప్పుడే పీల్చాలి. అదీ 10 సెకన్లకు మించకుండా. ఎక్కువసేపైతే కఫంతో పాటు ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ కూడా పోతుంది, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం ప్రేరేపితమై ఆ వేగం పడిపోవచ్చు. పిల్లుల విషయంలో టెన్షన్ ఇంకా ఎక్కువ. వాటి శ్వాసనాళం సన్నం, ట్యూబూ సన్నమే. కాస్త కఫం చాలు, మూసుకుపోవడానికి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఒకటుంది. ట్యూబు స్వరపేటికకు కింద ఉంటుంది కాబట్టి గాలి అక్కడిదాకా చేరదు. కుక్క మొరగలేదు, మూలగలేదు. అర్ధరాత్రి ట్యూబు మూసుకుపోయినా చప్పుడు కాదు. పక్కనున్న మనిషి పొట్ట ఎగసిపడటం చూసి, ట్యూబులో గరగర విని పసిగట్టాలి. టీ తాగడానికి వెళ్లాలన్నా ఇంకొకరిని కూర్చోబెట్టి వెళ్లాలి. ట్యూబు ఊడిపోతే అందుకోవడానికి చేతికి దగ్గరలో అదే సైజుది ఒకటి, చిన్నది ఒకటి ఉంచుకుంటారు. కోతకు పైనా కిందా శ్వాసనాళానికి వేసిన పొడవాటి దారాలను ఎడంగా లాగితే రంధ్రం తెరుచుకుంటుంది. కాబట్టి, క్లినిక్‌లో ఖర్చు ఎంతని అడిగే ముందు, రాత్రి దీని దగ్గర ఎవరుంటారని అడగండి.

వాపు తగ్గాక ట్యూబు తీసేస్తారు. ఆ గాయాన్ని సాధారణంగా కుట్టరు, కొన్ని రోజుల్లో దానంతటదే పూడుతుంది. అప్పటిదాకా స్నానం వద్దు, మెడకు కాలర్ వద్దు, ఛాతీకి కట్టే పట్టీ (హార్నెస్) వాడాలి. మన వీధుల్లో లేచే కట్టడాల దుమ్ములో తిప్పకూడదు. రంధ్రం మూసుకునేకొద్దీ గాలి మళ్లీ పైదారి పడుతుంది. మొదట బొంగురుగా, తర్వాత గట్టిగా, మొరుగు తిరిగి వస్తుంది.