తొండా, ఊసరవెల్లా? వేళ్లు చూస్తే తెలుస్తుంది

హైదరాబాద్‌లో ప్రహరీగోడ మీద ఎండ కాచుకుంటున్న తొండకు తల, గొంతు ఎర్రబడగానే దాన్ని ఊసరవెల్లి అనేవారు నేటికీ చాలా మందే ఉన్నారు. ‘తొండ ముదిరి ఊసరవెల్లి అయింది’ అన్న సామెత ఎంత ప్రాచుర్యంలో ఉన్నా, ఈ రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన ప్రాణులు; ఎంత ముదిరినా తొండ తొండే. వయసును బట్టి, ఎండ వేడిని బట్టి, జతకట్టే కాలాన్ని బట్టి రంగు మారిపోతుంది కనుక, బల్లులనూ వాటి బంధువులనూ పోల్చుకోవడానికి అన్నిటికంటే తక్కువ నమ్మదగిన గుర్తు రంగే. వేళ్లు, కనురెప్పలు, పొలుసులు చూడడం అలవాటు చేసుకోవాలి.

ఊసరవెల్లి పాదంలో అయిదు వేళ్లు రెండు జట్లుగా, ఒకవైపు రెండు, మరోవైపు మూడు కలిసిపోయి, కొమ్మను పటకారులా పట్టుకుంటాయి. దాని కళ్లు దేనికది విడిగా తిరుగుతాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. 1802లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు దోదాఁ వర్ణించిన మన తోట తొండకు, అంటే కలోటిస్ వర్సికలర్‌కు, వేళ్లు విడివిడిగా, పొడవుగా, గోళ్లతో ఉంటాయి. మెడ నుంచి వీపు మీదుగా ముళ్ల వరుస సాగుతుంది. చెవి పొరకు పైన రెండు చిన్న ముళ్లు ఎడంగా కనిపిస్తాయి. పక్కల పొలుసుల మొనలు వెనక్కీ పైకీ తిరిగి ఉంటాయి.

దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు మన నగరానికి సహజ సంపద. వాటి మీద తిరిగే రాతి తొండ సామోఫిలస్ ప్రజాతికి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపుకు) చెందినది. జతకట్టే కాలంలో మగది ఎరుపు, నలుపు రంగుల్లో దూరం నుంచే కనిపిస్తుంది. ఆడవీ పిల్లలూ బండ రంగులోనే మచ్చలతో ఉంటాయి కాబట్టి అందరూ పొరబడేది వాటి దగ్గరే. శరీరం పలచగా అణిగి, పొలుసులు సన్నగా ఉండి, వీపు మీద ఎత్తయిన ముళ్ల వరుస లేకపోతే అది రాతి తొండే. బండలను పేల్చివేసిన చోట దానికి బతుకు లేదు. అందుకే మిగిలిన గుట్టలనైనా కాపాడుకోవాలి. పొదలున్న బీళ్లలో పరుగెత్తే చిన్న సితానా తొండకైతే వెనక కాలికి నాలుగే వేళ్లు.

నలికండ్ల పాము పేరుకే పాము. నున్నగా మెరిసే పొలుసులు, పొట్టివే అయినా నాలుగు కాళ్లు, ఆడే కనురెప్పలు, బయటికి కనిపించే చెవి రంధ్రం దానికి ఉన్నాయి, విషం లేదు.

ఇక బల్లి. ఇంటి బల్లికి ఆడే కనురెప్పలు ఉండవు. కంటిని కప్పిన పారదర్శకమైన పొరను నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది. రాత్రివేళ కిటికీ అద్దానికి అవతలివైపు అంటుకున్న బల్లిని ఇవతలి నుంచి పరిశీలిస్తే, మరెలాగూ చూడలేని భాగాలు చూడవచ్చు. వేలి కింద అడ్డంగా ఉన్న మడతలు మధ్యకు చీలి రెండు వరుసలుగా కనిపిస్తే అది హెమిడాక్టిలస్ ప్రజాతి. ఆ మడతల మీది అతి సన్నని రోమాలకూ గాజుకూ మధ్య పనిచేసే వాన్ డర్ వాల్స్ ఆకర్షణ (అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ) వల్లనే అది జారిపోదు; జిగురు ఏమీ ఉండదు. మగబల్లి తొడల అడుగున చిన్న రంధ్రాల వరుస ఉంటుంది. ఇళ్లలో తిరిగే హెమిడాక్టిలస్ ఫ్రెనాటస్‌లో ఆ వరుస ఒక తొడ నుంచి మరో తొడ దాకా తెగకుండా సాగుతుంది. చెట్టు బెరడు మీద అలల చారలతో కలిసిపోయే లెషెనాల్టి బల్లిలో మధ్యలో తెగుతుంది.

ఫ్రెనాటస్ తోక మీద చిన్న ముళ్లు వలయాలుగా ఉంటాయి. ఈ గుర్తును మాత్రం జాగ్రత్తగా వాడుకోవాలి. తెగి మళ్లీ పెరిగిన తోకలో వెన్నుపూసల బదులు మృదులాస్థి గొట్టం ఉంటుంది. దాని మీద ఆ ముళ్ల అమరిక తిరిగి రాదు. కనుక తోక మొదట్లో రంగు, పొలుసులు ఉన్నట్టుండి మారిన గీత కనిపిస్తే, ఆ గీతకు పైన మిగిలిన అసలు భాగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పట్టుకోబోతే ఆ అసలు భాగాన్నీ వదిలేసి పోతుంది కాబట్టి, వీపు, తల పక్క, వేళ్లు కనిపించేలా దూరం నుంచే ఫొటోలు తీసుకోవడం మేలు.