లోటు ఏడాది నీళ్లు ఎలా పంచుకోవాలి?

ప్రియమైన పిల్లలకు,

నది అందరిదీ అని చెప్పే పెద్దవాళ్లే ఆ నీటి కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతారని అడిగారు. స్వార్థం వల్ల అని ఒక్క మాటలో చెప్పేస్తే మీకు సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం లెక్కల్లో ఉంది. ఆ లెక్కలు మీకు అర్థం కావాలని నా ఆశ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఎవరికి ఎలాంటి నీళ్లు కావాలో చూడండి. పొలానికి పైరు కాలంలో చాలా కావాలి, తర్వాత అక్కర్లేదు. నగరానికి పొలాలంత అక్కర్లేదు గానీ ఒక్క రోజు కూడా ఆగకూడదు. పైగా నగరం వాడిన నీటిలో ఎక్కువ భాగం మురుగుగా తిరిగి వస్తుంది. శుద్ధి చేసి వదిలితే దిగువ వాళ్లకు పనికొస్తుంది, చేయకపోతే వాళ్ల నీటిని కూడా పాడుచేస్తుంది. జలవిద్యుత్ కేంద్రమైతే నీళ్లను టర్బైన్ల మీదుగా దూకించి మళ్లీ నదిలోకే వదిలేస్తుంది. మరి దానితో పేచీ ఏమిటి?

పేచీ నెలలతో. మధ్య ఆసియాలో సిర్ దర్యా అనే నది ఉంది. ఎగువన కిర్గిజ్‌స్తాన్‌లో టోక్తోగుల్ జలాశయం, దిగువన ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ పొలాలు. సోవియట్ కాలంలో వేసవిలో నీళ్లు కిందికి వదిలేవారు, బదులుగా చలికాలానికి బొగ్గు, గ్యాస్ పైకి వచ్చేవి. 1991లో ఎవరి దేశం వాళ్లదయ్యాక ఆ మారకం చెడింది. ఇళ్లు వెచ్చగా ఉండాలంటే కరెంటు కావాలి కాబట్టి కిర్గిజ్‌స్తాన్ చలికాలంలో నీళ్లు వదలసాగింది. గడ్డకట్టిన నదిలో ఆ నీరు పట్టక దిగువన వరదలు, వేసవి వచ్చేసరికి పొలాలకు కొరత. 1998లో నీటికీ ఇంధనానికీ ముడిపెట్టి ఒప్పందం రాసుకున్నారు గానీ అది సరిగ్గా నిలవలేదు. ఇందులో ఎవరిని తప్పు పడతారు? చలికి వణికేవాళ్లనా, పైరు ఎండిపోతున్నవాళ్లనా? నన్నడిగితే ఇద్దరి అవసరమూ నిజమే.

ఇక ఎంత అనే ప్రశ్న. నది ఏటా ఒకేలా పారదు. సగటు తీసి పంచితే లోటు ఏడాది చాలామంది వాటా కాగితానికే పరిమితమవుతుంది. అందుకని కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం డిపెండబిలిటీని ఎంచుకుంది. పేరు చూసి బెదరకండి. నూరేళ్ల ప్రవాహాలను పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా రాసుకుని 75వ అంకె దగ్గర ఆగండి. నూటికి 75 ఏళ్లు కనీసం అంత నీరు వస్తుందన్నమాట. కృష్ణకు అది 2,060 టీఎంసీలని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించారు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అంతకు మించి వచ్చే మిగులు జలాలను దిగువనున్న రాష్ట్రం వాడుకోవచ్చు గానీ దానిమీద హక్కు కోరకూడదన్నారు. తర్వాతి ట్రిబ్యునల్ 2010లో 65 శాతాన్ని తీసుకుంది. అలా గీత జరిపితే పంచడానికి కాగితం మీద నీళ్లు పెరుగుతాయి, ఆ లెక్క అందని ఏళ్లూ పెరుగుతాయి. పత్రికల్లో ఇన్ని టీఎంసీలని చదివినప్పుడల్లా ఆ అంకె ఏ గీత దగ్గర తీసుకున్నదో చూడండి.

అంకె తప్పితే ఏమవుతుందో కొలరాడో నది చూపించింది. 1922లో అమెరికాలో ఏడు రాష్ట్రాల ప్రతినిధులు ఆ నదిని ఎగువ, దిగువ బేసిన్లుగా, అంటే నదికి నీరు చేరే ప్రాంతాలుగా, విడదీసి ఏటా చెరి 75 లక్షల ఎకరా-అడుగులు రాసుకున్నారు. ఎకరా-అడుగు అంటే ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు. 1944 ఒప్పందంతో మెక్సికోకు మరో 15 లక్షలు. మొత్తం 1 కోటి 65 లక్షలు. చిక్కేమిటంటే, వాళ్లు లెక్కకు పట్టుకున్న ఏళ్లు మామూలు కంటే ఎక్కువ వానలు పడినవి. మంచి వానలు పడిన ఏడు చెట్టు కాండంలో వలయం వెడల్పుగా ఏర్పడుతుంది, కరువు ఏడు సన్నగా. ముసలి చెట్ల వలయాలను చదివిన శాస్త్రవేత్తలు 1976లో, శతాబ్దాల సగటు 1 కోటి 35 లక్షల దగ్గరే ఉందన్నారు. అప్పటికే కాలువలు, నగరాలు వెలిశాయి. 2021 ఆగస్టులో ఆ నది మీదున్న లేక్ మీడ్ జలాశయానికి చరిత్రలో తొలిసారి అధికారికంగా కొరత ప్రకటించారు.

ఆ 1922 చర్చలకు తరతరాలుగా ఆ ఒడ్డున బతుకుతున్న ఆదివాసీ తెగలను పిలవలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. నది తరఫున మాట్లాడేవాళ్లూ లేరు. నీళ్లన్నీ పైనే వాడేయడంతో సముద్రం దగ్గరి డెల్టా ఎండిపోయింది. 2014లో అమెరికా, మెక్సికో కలిసి డెల్టా కోసమే కొంత నీరు వదిలితే, ఆ మే నెలలో నది మళ్లీ సముద్రాన్ని అందుకుంది.

మరి మంచి పద్ధతి ఏది? స్పెయిన్‌లోని వలెన్సియాలో టురియా నది కాలువల రైతులు అంకెల జోలికి పోలేదు. ఒక్కో కాలువకు నదిలో ఇన్నో వంతు అని పెట్టుకున్నారు. నది తగ్గితే అందరి వాటా దామాషాలో తగ్గుతుంది. తగవులొస్తే రైతులు ఎన్నుకున్న పెద్దలు గురువారం మధ్యాహ్నం కెథెడ్రల్ గుమ్మం ముందు కూర్చుని, నోటిమాటగానే విచారించి తీర్పు చెబుతారు. ఆస్ట్రేలియాలో మర్రే-డార్లింగ్ బేసిన్‌లోనూ జలాశయాల్లో ఉన్నదాన్ని బట్టి ఈసారి మీ హక్కులో ఇంత శాతం అని ప్రకటిస్తారు.

అయితే వంతు ఒక్కటే చాలదని నా అభిప్రాయం. కొరత ఏడాది తాగునీటిలో సగం కోస్తామంటే ఎలా? పండ్లతోటకు ఒక వేసవి నీళ్లందకపోతే ఏళ్ల కష్టం పోతుంది, ఏటా విత్తే పంటనైతే ఒకసారి మానుకోవచ్చు. అలా మానుకున్న రైతుకు మిగతావాళ్లు పరిహారం కట్టాలి. కాబట్టి మొదట మనుషుల తాగునీరు, తర్వాత నది పారడానికి కావాల్సింది, ఆపైన వంతులు అంటాను నేను. అంతర్జాతీయ నదుల మీద 1997లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం ఏ వాడకానికీ పుట్టుకతో వచ్చే ప్రాధాన్యం లేదంటూనే, మనుషుల ప్రాణావసరాలను ప్రత్యేకంగా చూడాలంటుంది. వాడకం న్యాయంగా, సహేతుకంగా ఉండాలనీ, ప్రవాహాల సమాచారం ఒకరికొకరు ఇచ్చుకోవాలనీ కూడా అందులో ఉంది. అది 2014లో అమల్లోకి వచ్చింది.

సమాచారం ఇచ్చుకోవాలన్న ఆ నియమాన్ని చిన్నదనుకోకండి. ఎగువ వాళ్లు ఎంత వదిలామంటున్నారో, దిగువ వాళ్లు ఎంత వచ్చిందంటున్నారో ఆ రెండు లెక్కలూ కలవకపోతే ఎంత చక్కటి తీర్పయినా అమలు కాదు. కొలిచే మీటరును ఇద్దరూ కలిసి పెట్టుకుని, దాని అంకెలు ఎవరైనా చూసేలా ఉంచాలి. మీకు దగ్గర్లో ఉన్న నది నీటిమట్టాలు ఎవరు కొలుస్తున్నారో, ఆ అంకెలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని నాకు రాయండి. ఏమైనా అర్థం కాకపోతే అదీ రాయండి, కలిసి చూద్దాం.

ప్రేమతో,
మీ తాతయ్య