చిట్టి అడిగిన మాట

చిట్టీ, బుజ్జీ,

ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో చిట్టి “తాతయ్యా, డెరోగేటరీ అంటే తిట్టు అనేగా?” అని అడిగితే, అవునని ఫోన్ పెట్టేశాను. తర్వాత మనసు ఒప్పలేదు. ఈ ఇంగ్లీషు మాటకూ (derogatory) తిట్టుకూ తేడా ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు పలకడం సంగతి. మనలో చాలామంది డెరోగేటరీ అనేస్తాం. ఇంగ్లీషువాళ్లు డిరాగటరీ అంటారు, ‘రా’ దగ్గర గొంతు కొంచెం ఒత్తి.

దీని మూలం లాటిన్‌లో ఉంది. పాత రోమ్‌లో కొత్త చట్టం కావాలంటే “ఇది మీకు సమ్మతమేనా?” అని ప్రజల సభను అడిగేవారు. అలా అడగడాన్ని ‘రొగారే’ అనేవారు. ఉన్న చట్టంలోంచి కొంత ముక్క తీసేస్తే ‘డెరొగారే’, మొత్తం ఎత్తేస్తే ‘అబ్రొగారే’. ఈ కోత అర్థం లాయర్ల దగ్గర ఇంకా బతికే ఉంది. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో, ఎమర్జెన్సీ వచ్చినా ప్రాణహక్కులాంటి కొన్నిటికి కోత పెట్టకూడదని ఉంది. అక్కడ కోతకు వాడిన మాట ‘డెరొగేషన్’.

చట్టానికి పెట్టే కోతే మనిషికి పెడితే డిరాగటరీ. ఎదుటివాడి విలువలోంచి ఒక ముక్క తీసేసే మాట అన్నమాట. తెలుగులో చులకన చేయడం అంటాం చూడండి, చులకన అంటే తేలిక. వాళ్లు కోశారు, మనం బరువు తగ్గించాం, అంతే తేడా.

ఇప్పుడు చిట్టి ప్రశ్నకు వద్దాం. “నీ లెక్క తప్పు” అంటే విమర్శ. “ఛీ, ఫో అవతలికి!” అంటే కోపం. “నీకు లెక్కలేం వస్తాయిలే” అన్నామనుకో, అందులో తిట్టు ఒక్కటీ లేదు, గొంతు కూడా పెరగలేదు. అయినా డిరాగటరీయే. ఆ చివరి ‘లే’ చాలు, మనిషి సగమైపోతాడు. ఇంకో సంగతి, ఎదురుగా మనిషి ఉండక్కర్లేదు. చాటున అన్నా అదే పేరు.

ఇంగ్లీషులో ఈ విశేషణాన్ని ఎక్కువగా మాటలకే తగిలిస్తారు: డిరాగటరీ రిమార్క్, డిరాగటరీ కామెంట్, డిరాగటరీ టర్మ్. ఎవరి గురించో చెప్పాలంటే వెనక ‘అబౌట్’ పెడతారు. కొన్ని డిక్షనరీల్లో ఒక పదం పక్కన ‘డెరాగ్.’ అని పొట్టిగా వేస్తారు. ఈ పదం అర్థం తెలుసుకో, వాడే ముందు మాత్రం ఆలోచించు అని దాని భావం.

మన భాషలో ఈ పని పదాలకన్నా ప్రత్యయాలూ సర్వనామాలూ ఎక్కువ చేస్తాయి. బుజ్జిగాడు అని నేను పిలిస్తే ముద్దు. ముక్కూమొహం తెలియనివాడు ఎవరికైనా ‘గాడు’ తగిలిస్తే? ‘ఆవిడ’ అనాల్సిన చోట ‘అది’ అంటే? పదాలు కూడా జారుతుంటాయి. ‘వెధవ’ అని ఊరికే అనేస్తాం కానీ, అది ‘విధవ’లోంచి వచ్చింది. భర్త పోయిన ఆడమనిషి కష్టం మగపిల్లల్ని తిట్టే మాటైపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ చిరాకే.

నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన్ని “ఆ టైపిస్టు కుర్రాడు” అనేవాణ్ణి. వరసగా కొన్ని నెలలు అన్నాను. ఒకరోజు పుట్టినరోజుల మాట వచ్చింది, చూస్తే ఆయన నాకన్నా రెండేళ్లు పెద్ద. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి కాగితం టైపు చేసి ఇస్తూ “కుర్రాడు చేసిచ్చాడండీ” అన్నాడు. చెవులు వేడెక్కాయి. ‘కుర్రాడు’ అన్న మాటను ఏ డిక్షనరీలో వెతకండి, పక్కన ‘డెరాగ్.’ లాంటి గుర్తేదీ ఉండదు.

ఇదంతా రాస్తుంటే మీ అమ్మమ్మ తొంగిచూసి “ఈయన ఇంగ్లీషు పాఠాలు కూడానా!” అంది. ఇది డిరాగటరీయా, ముద్దా? నేనైతే ఇంకా తేల్చుకోలేదు. మీరు తేల్చి రాయండి.

మీ
తాతయ్య